బెల్లం ముక్కలో చేదు మందు

వింతలు విశేషాలు

చేదు మాత్ర మింగనని పిల్లలు మొరాయిస్తే అనకాపల్లి ఇళ్లలో ఒకటే ఉపాయం. మెత్తటి బెల్లం ముక్క చిదిపి, మధ్యలో మాత్ర దూర్చి, ఉండ చుట్టి చేతిలో పెట్టేవారు. "నమలకు, గుటుక్కున మింగేయ్" అన్నది దానితో వచ్చే వైద్య సలహా. ఆ ఉండలో రోగం కుదిర్చేది మాత్ర. దాన్ని గొంతు దాటించేది మాత్రం బెల్లం. దేశంలో రెండో అతిపెద్ద బెల్లం మార్కెట్‌గా పేరు మోసిన ఊరికి, 1913 నుంచీ చెరకు పరిశోధన కేంద్రం ఉన్న ఊరికి ఆ ఉపాయం తట్టడంలో వింతేమీ లేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన అనకాపల్లికి ఇప్పుడు మందుల చిరునామా కూడా ఉంది. పరవాడలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ ఈ జిల్లాలోదే. నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. విశాఖ వైపు బస్సెక్కితే దారిలో అగనంపూడి వస్తుంది. టాటా మెమోరియల్ సంస్థ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అక్కడుంది. అక్కడికి వెళ్లే ప్రతి కుటుంబానికీ కీమో అన్న మాట తెలుసు, అది తెచ్చే వాంతులు, జుట్టు రాలడం, నీరసం తెలుసు. రోగం మీదికి పంపిన మందు ఒళ్లంతా తిరగడమే దానికి కారణం. అందుకే శాస్త్రవేత్తలు ఈసారి బెల్లం బదులు ప్రొటీన్‌తో ఉండలు చుట్టారు. కంటికి కనిపించనంత చిన్న ఆ నానో ఉండల లోకంలో ఎన్ని రికార్డులున్నాయో చూడండి.

రక్తంలో అత్యంత రద్దీ బండి

రక్తంలోని ప్లాస్మాలో అన్నింటికన్నా ఎక్కువగా ఉండే ప్రొటీన్ అల్బుమిన్. లీటరు ప్లాస్మాకి 35 నుంచి 50 గ్రాములు ఉంటుంది. లాటిన్‌లో తెలుపు అనే మాట నుంచి ఆ పేరు వచ్చింది. గుడ్డు తెల్లసొనలో ఉండే ప్రొటీన్‌దీ అదే ఇంటిపేరు. మన అల్బుమిన్‌ని కాలేయం రోజుకి పది, పదిహేను గ్రాముల చొప్పున తయారు చేస్తుంది. 585 అమైనో ఆమ్లాల దండ అది.

పని మాత్రం కూలిబండి పనే. కొవ్వు ఆమ్లాలు, హార్మోన్లు, కామెర్లలో పెరిగే బిలిరుబిన్, మనం మింగే మాత్రల్లో చాలా భాగం దాని వీపు మీదే ప్రయాణం చేస్తాయి. ఒకసారి రోడ్డెక్కిన అల్బుమిన్‌లో సగం మిగలడానికే దాదాపు మూడు వారాలు పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి యూరిన్‌లో అల్బుమిన్ పరీక్ష చేయించేది, ఈ బండి కిడ్నీ గేటు దాటి బయటికి పోతోందేమో చూడడానికే.

క్యాన్సర్ కణానికి ఆకలెక్కువ. కొన్ని రకాల గడ్డలు, ముఖ్యంగా పాంక్రియాస్‌లో పుట్టేవి, చుట్టుపక్కల ప్రొటీన్‌ని గుటకలు గుటకలుగా మింగి తిండిగా వాడుకుంటాయని 2013లో తేలింది. తిండి బండిలో మందు ఎక్కిస్తే అదే లోపలికి లాక్కుంటుంది కదా అన్నది ఈ ఆలోచనకి మూలం.

బెరడు నుంచి సీసా దాకా 30 ఏళ్లు

1962లో అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ బార్‌క్లే వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు ఒలిచి పంపాడు. కలపగా పెద్ద గిరాకీ లేని చెట్టు అది. ఆ బెరడులోంచి మందుని వేరు చేసి, దాని నిర్మాణాన్ని 1971లో లోకానికి చెప్పినవారు మన్రో వాల్, మన్‌సుఖ్ వాణి. వాణి మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టినవాడు. ఆ మందే పాక్లిటాక్సెల్.

అది ఎలా పనిచేస్తుందో 1979లో సూసన్ హార్విట్జ్ కనిపెట్టింది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నటి గొట్టాలతో ఒక కదురు లాంటిది అమరుతుంది, పని అయ్యాక విడిపోతుంది. పాక్లిటాక్సెల్ ఆ కదురుని విడిపోనివ్వదు. చీలలేని కణం చచ్చిపోతుంది. మన పెరట్లో పూసే బిళ్ల గన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ సరిగ్గా దీనికి తలకిందులు, కదురుని అసలు అమరనివ్వదు. ఒకే తాళానికి రెండు మొక్కలు రెండు వైపుల నుంచి తాళంచెవులు చేశాయన్నమాట. బెరడు ఒలిచిన ముప్పై ఏళ్లకి, 1992 డిసెంబరులో, అండాశయ క్యాన్సర్‌కి పాక్లిటాక్సెల్ అనుమతి పొందింది.

చెట్టు లేని చోట ఆముదపు చెట్టు

మందు దొరికింది కానీ నీళ్లలో కరగదు. రక్తంలోకి ఎక్కించాలంటే ఏదో ఒకదానిలో కరగాలి. ఎన్నో వెతికాక చివరికి కరిగించింది మన ఆముదమే. ప్రపంచంలో ఆముదం గింజలు అత్యధికంగా పండించే దేశం మనదే. ఆ నూనెని రసాయనికంగా మార్చి చేసిన క్రెమోఫోర్ అనే ద్రావకాన్ని, సగం ఆల్కహాల్‌తో కలిపి, అందులో పాక్లిటాక్సెల్‌ని కరిగించారు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అని మనవాళ్లు అన్నది ఇలాంటి సందర్భం గురించే.

మహావృక్షం నీడా ఇచ్చింది, ముల్లూ గుచ్చింది. కొందరికి ఆ ద్రావకం పడక ఆయాసం, దద్దుర్లు, రక్తపోటు పడిపోవడం మొదలైంది. అందుకని కీమోకి ముందే స్టెరాయిడ్, అలర్జీ మందు ఇవ్వాల్సి వచ్చింది. సెలైన్ మూడు గంటల పాటు నెమ్మదిగా ఎక్కించాలి. మామూలు పీవీసీ ప్లాస్టిక్ సంచీ, గొట్టం అయితే ఆ ద్రావకం వాటిలోని మెత్తదనం ఇచ్చే రసాయనాన్ని కూడా లాగేస్తుంది, కాబట్టి గొట్టాలు వేరే రకం ఉండాలి. మందు కన్నా మందు మోసే బండితోనే తిప్పలెక్కువయ్యాయి.

తొలి ప్రొటీన్ బండి: 2005

ఆ ఆముదాన్ని పక్కకి నెట్టింది అల్బుమిన్. మందునీ అల్బుమిన్‌నీ విపరీతమైన ఒత్తిడితో సన్నటి సందులోంచి తోసి, దాదాపు 130 నానోమీటర్ల ఉండలుగా మార్చారు. అర మిల్లీమీటరు పంచదార పలుకు పొడవునా వరుసగా పేర్చితే 3,800కి పైగా పడతాయి. అబ్రాక్సేన్ అనే ఈ మందుకి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005 జనవరిలో ముదిరిన రొమ్ము క్యాన్సర్ చికిత్సకి అనుమతి ఇచ్చింది. ప్రొటీన్ నానో కణాల రూపంలో అనుమతి పొందిన తొలి క్యాన్సర్ మందు ఇదే. కొవ్వు బుడగల్లో మందు నింపిన డాక్సిల్ 1995లోనే వచ్చింది కానీ దాని బండి వేరు.

మూడు గంటల సెలైన్ అరగంటకి దిగింది. ముందస్తు స్టెరాయిడ్ అవసరం సాధారణంగా లేకుండా పోయింది. చదరపు మీటరు ఒంటి వైశాల్యానికి 175 మిల్లీగ్రాముల చోట 260 ఇవ్వగలిగారు. 460 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో చేసిన పరీక్షలో పాత మందుకి 19 శాతం మందిలో గడ్డ చెప్పుకోదగ్గంత తగ్గితే, కొత్త రూపానికి 33 శాతం మందిలో తగ్గింది. అయితే చేతులు, కాళ్లు తిమ్మిరెక్కే బాధ తీవ్రంగా రావడం 2 శాతం నుంచి 10 శాతానికి పెరిగింది. బండి మారితే బరువు పెరిగింది, బరువుకి తగ్గ కుదుపూ పెరిగింది.

దీని వెనక ఉన్న వైద్యుడు పాట్రిక్ సూన్‌షియాంగ్. దక్షిణాఫ్రికాలో చైనా దంపతులకి పుట్టి, అమెరికాలో స్థిరపడ్డాడు. ఆయన కంపెనీని 2010లో సెల్జీన్ సంస్థ దాదాపు 290 కోట్ల డాలర్లకి కొన్నది. ఆ డాక్టరే 2018లో లాస్ ఏంజెలిస్ టైమ్స్ పత్రికని కొన్నాడు.

అతి సున్నితమైన కలపడం

అబ్రాక్సేన్ సీసా విప్పితే లోపల ఉండేది ఎండబెట్టిన తెల్లటి పొడి. అందులో మందు 100 మిల్లీగ్రాములు, మనుషులు దానం చేసిన ప్లాస్మా నుంచి తీసిన అల్బుమిన్ సుమారు 900 మిల్లీగ్రాములు. బెల్లం ముక్క ఎప్పుడూ మాత్ర కన్నా పెద్దదే కదా, ఇక్కడా అంతే.

ఇందులో 20 మిల్లీలీటర్ల సెలైన్ పోయాలి. పొడి మీద నేరుగా పోయకూడదు, సీసా గోడ వెంబడి నిమిషం పాటు మెల్లగా జారవిడవాలి. తర్వాత నెమ్మదిగా తిప్పాలి. ఊపితే తెల్లసొన గిలక్కొట్టినట్టు నురగ కడుతుంది, అప్పుడు నురగ అణిగే దాకా పావుగంట ఆగాల్సిందే. తయారైన మందు నీళ్లలా తేటగా ఉండదు, పాలలా తెల్లగా ఉంటుంది. మామూలుగా సెలైన్ మసకబారితే నర్సు పారబోస్తుంది. ఇక్కడ తెల్లగా ఉండడమే సరైన లక్షణం. ఆనాడు మన అమ్మమ్మ "నమలకు" అంది, ఈనాడు సీసా "ఊపకు" అంటోంది. ఉండ చెదరకుండా చేరాలన్నదే ఇద్దరి బాధా.

ధరలో అతి పెద్ద దూకుడు

ఈ అల్బుమిన్ కథలో హైదరాబాద్ తొందరగానే అడుగుపెట్టింది. నాట్కో ఫార్మా అల్బుపాక్స్ పేరుతో మన దేశపు రూపాన్ని తెచ్చింది. అమెరికా కంపెనీ వేసిన పేటెంట్ దరఖాస్తుకి అభ్యంతరం కూడా చెప్పింది. 2009లో భారత పేటెంట్ కార్యాలయం ఆ దరఖాస్తుని తిరస్కరించింది.

ఇదే నాట్కోకి ఇంకో రికార్డుంది. 2012 మార్చిలో దేశంలో తొలి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటున్న మందుని వేరే కంపెనీ తయారు చేసుకునే అనుమతి, దానికే దక్కింది. కాలేయం, కిడ్నీ క్యాన్సర్లకి వాడే సొరాఫెనిబ్ మాత్రల నెల ఖర్చు సుమారు 2,80,000 రూపాయలుంటే, 8,800 రూపాయలకి దిగింది. అది నానో మందు కాదు. కానీ రోగి దగ్గరికి మందు చేరడంలో రక్తనాళాల కన్నా ఇరుకైన దారి జేబుదని చెప్పిన సంఘటన అది.

భీమవరం వాడి మందుకి రెండో బండి

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది, దానికి ఎదురు తిరిగే మందులనూ తయారు చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకి ఇచ్చాడు. 1948 జూన్‌లో వచ్చిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం మెరుగైందని రాశాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ఆసుపత్రుల్లో ఉంది. కీమోతో నయమైన తొలి గట్టి గడ్డ, గర్భ సంబంధమైన కోరియోకార్సినోమా, 1956లో లొంగింది ఈ మందుకే.

1990లలో జర్మనీ పరిశోధకులు మెథోట్రెక్సేట్‌ని తీసుకెళ్లి అల్బుమిన్‌కే అతికించి రోగుల మీద పరీక్షించారు. ఇంకో విశేషం వినండి. చాలా క్యాన్సర్ కణాలు ఫోలిక్ ఆమ్లం కోసం పైన ఎక్కువ వాకిళ్లు పెట్టుకుంటాయి. కాబట్టి ప్రయోగశాలల్లో ప్రొటీన్ ఉండల మీద ఫోలిక్ ఆమ్లం అద్ది పంపుతున్నారు, ఆ వాకిళ్లు చూసి ఆగమని. మన సుబ్బారావు చేతి మీదుగా వచ్చిన రెండు పదార్థాల్లో ఒకటి సరుకైంది, రెండోది చిరునామా అయింది.

అతి బిగువైన డబ్బా

రక్తహీనత అనుమానం వస్తే ల్యాబ్‌లో ఫెర్రిటిన్ పరీక్ష రాస్తారు. ఒంట్లో ఇనుము దాచే ప్రొటీన్ అది. 24 ముక్కలు చేరి గుండ్రటి డబ్బాగా అమరుతాయి. బయటి వెడల్పు 12 నానోమీటర్లు, లోపలి గది 8. అంత గదిలో 4,500 దాకా ఇనుము పరమాణువులు పడతాయి. గాటైన ఆమ్లంలో వేస్తే ముక్కలు విడిపోతాయి, ఆమ్లం తగ్గిస్తే మళ్లీ తమంతట తామే డబ్బా కడతాయి. ఈ లోపల మందు వేస్తే డబ్బాలో చిక్కుకుంటుంది. మూత లేని డబ్బాకి ఇంతకన్నా మంచి మూత ఎవరు చేయగలరు? ఈ పద్ధతి ఇంకా ఎక్కువగా పరిశోధన స్థాయిలోనే ఉంది.

మన కణాల్లో అతి పెద్ద డొల్ల

మన కణాల్లోనే పుట్టే ఇంకో డొల్ల గది పేరు వాల్ట్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1986లో నాన్సీ కెడర్షా, లెనర్డ్ రోమ్ దీన్ని చూశారు. చర్చి పైకప్పు కమానుల్లా కనిపించడంతో ఆ పేరు పెట్టారు. ఒకే రకం ప్రొటీన్ 78 ప్రతులుగా చేరి పీపా ఆకారం కడుతుంది. పొడవు 70 నానోమీటర్లు దాటుతుంది. ఒక్కో కణంలో వేలకొద్దీ ఉన్నా దాని అసలు పని ఏమిటో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఖాళీగా ఉన్న గోదాము కదా అని పరిశోధకులు అందులో మందులు పెట్టి చూస్తున్నారు.

వంటింటి ఫ్రిజ్‌లో దాగిన మందు

అల్బుమిన్ బండెక్కిన మరో మందు సిరోలిమస్. దీని పుట్టుక పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవి మట్టి. 1964లో వెళ్లిన కెనడా బృందం ఆ మట్టి తెచ్చింది. దానిలోని సూక్ష్మజీవి నుంచి భారతదేశంలో చదివిన సురేన్ సెహగల్ బృందం మందు తీసింది. 1980ల మొదట్లో ఆయన పనిచేసే కంపెనీ ఆ ప్రయోగశాలని మూసేసి, పని ఆపమంది. సెహగల్ ఆ సూక్ష్మజీవుల సీసాలని ఇంటికి తెచ్చి సొంత ఫ్రీజర్‌లో దాచుకున్నాడు. కిడ్నీ మార్పిడి రోగులకి 1999లో అనుమతి వచ్చింది. 2021 నవంబరులో అదే మందు అల్బుమిన్ నానో రూపంలో పీకోమా అనే అరుదైన క్యాన్సర్‌కి అనుమతి పొందింది. ముదిరిన పీకోమాకి ఎఫ్‌డీఏ అనుమతించిన తొలి మందు ఇదే.

తెలుగు నేల మీద ప్రొటీన్ ఉండ

చికిత్స కన్నా ముందు నిలిచే ప్రొటీన్ నానో కణం ఒకటి హైదరాబాద్‌లోనే తయారైంది. నెల్లూరు జిల్లాలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997 ఆగస్టులో హెపటైటిస్ బి టీకా షాన్‌వాక్-బి విడుదల చేసింది. జన్యు ఇంజినీరింగ్‌తో దేశంలో తయారైన తొలి ఉత్పత్తి అదే. దిగుమతి టీకా సామాన్యుడికి అందని రోజులవి. ఆ టీకాలో ఉండేది వైరస్ పై తొడుగు ప్రొటీన్. అది తనంతట తాను 22 నానోమీటర్ల ఉండలుగా చేరుతుంది. హెపటైటిస్ బి ముదిరితే కాలేయ క్యాన్సర్ రావచ్చు. అందుకే హెపటైటిస్ బి టీకాని క్యాన్సర్‌ని ఆపే తొలి టీకా అంటారు.

చిటికెలో

* పట్టు దారంలోని ఫైబ్రోయిన్, పాలలోని కేసిన్, మొక్కజొన్నలోని జీన్, ఎముకల నుంచి తీసే జెలటిన్: ఇవన్నీ మందు మోసే నానో ఉండలుగా ప్రయోగశాలలకి ఎక్కినవే.
* 130 నానోమీటర్ల అల్బుమిన్ ఉండలు ఒక ఎర్ర రక్తకణం వెడల్పులో యాభైకి పైగా పడతాయి.
* రక్తంలోకి వెళ్లగానే ఆ ఉండ ఉండగా ఉండదు. వెంటనే విడిపోయి ఇంకా చిన్న అల్బుమిన్ జతలుగా తిరుగుతుంది.
* పరవాడలో పెద్ద ఉత్పత్తి యూనిట్లున్న లారస్ ల్యాబ్స్ ఇమ్యునోయాక్ట్ అనే సంస్థలో పెట్టుబడి పెట్టింది. దేశపు తొలి కార్-టీ కణ చికిత్స నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో అనుమతి తెచ్చుకున్న సంస్థ అది. అక్కడ మందు మోసే బండి రోగి సొంత రక్తకణమే.

అతి బరువైన చిన్న అంకె: 1.8

ఇల్లు అలకగానే పండగ కాదు. పాంక్రియాస్ క్యాన్సర్ మీద అల్బుమిన్ పాక్లిటాక్సెల్‌ని అప్పటికే వాడుతున్న వేరే మందుకి జతచేసి 861 మంది రోగుల్లో పరీక్షించారు. 2013లో ఫలితాలు వచ్చాయి. ఆ వేరే మందు ఒక్కటే ఇస్తే రోగుల మధ్యస్థ ఆయువు 6.7 నెలలు, జంటగా ఇస్తే 8.5 నెలలు. తేడా 1.8 నెలలు. ఏడాది దాటి బతికినవారు 22 శాతం నుంచి 35 శాతానికి పెరిగారు. పేపర్లో అద్భుతం అని అచ్చయ్యే మాటకీ ఆసుపత్రి మంచం దగ్గర డాక్టర్ చెప్పే మాటకీ మధ్య దూరం ఎంతో ఈ అంకె చెబుతుంది. అది చిన్నదని కొట్టిపారేసే హక్కు, ఆ మంచం పక్కన కూర్చోని వాళ్లకి లేదు.

చెరపాల్సిన రికార్డు: వెయ్యికి ఏడు

గడ్డల రక్తనాళాలు చిల్లుల సంచుల్లాంటివనీ, పెద్ద అణువులు వాటిలోంచి కారి అక్కడే నిలిచిపోతాయనీ 1986లో జపాన్ శాస్త్రవేత్తలు మత్సుమురా, మయేదా చెప్పారు. నానో మందుల మీద ఆశంతా ఆ చిల్లుల మీదే నిలబడింది. 2016లో కెనడా పరిశోధకులు పదేళ్ల ప్రయోగాల లెక్కలన్నీ కలిపి చూశారు. ఎలుకలకి ఎక్కించిన నానో కణాల్లో గడ్డకి చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. వెయ్యి బండ్లు బయల్దేరితే ఊరు చేరినవి ఏడు. మిగతావాటిలో చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం దారిలోనే పట్టేసుకున్నాయి.

అనకాపల్లి మార్కెట్ నుంచి వెయ్యి బెల్లం దిమ్మలు పంపి, ఏడే చేరాయని కబురొస్తే ఏ వ్యాపారీ నిద్రపోడు. లారీ మారుస్తాడు, దారి మారుస్తాడు, డ్రైవర్‌ని మారుస్తాడు. ప్రయోగశాలల్లో ఇప్పుడు జరుగుతున్న పనీ అదే. ఈ శీర్షికలో రాసిన రికార్డులన్నీ అలాగే ఉండిపోయినా పరవాలేదు. ఈ ఒక్కటి మాత్రం ఎంత తొందరగా చెరిగిపోతే అంత మంచిది.